వీసా కోసం ముందే రిజిస్టర్ చేయించాం, పెళ్లి ఆగిపోయింది. ఇప్పుడు విడాకులు తీసుకోవాలా?

గుంటూరు అన్నయ్య:
మా చెల్లికి డల్లాస్ సంబంధం కుదిరింది. వీసాకి టైమ్ పడుతుంది, ముందు రిజిస్ట్రేషన్ కానిచ్చేద్దాం, ముహూర్తం మాఘంలో పెట్టుకుందాం అన్నారు అబ్బాయి వాళ్లు. గుళ్లో దండలు వేయించి ఫోటో తీశాం, పది శుభలేఖలు కొట్టించాం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టించాం. తాళి కట్టలేదు. సంతకాలవగానే ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు. తర్వాత ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర మాటామాటా పెరిగి సంబంధం తప్పిపోయింది. ఏడడుగులు వేయకపోతే సర్టిఫికెట్ ఉన్నా పెళ్లి కాదని సుప్రీంకోర్టు అన్నట్టు పేపర్లో చూశాం. అయితే ఆ సర్టిఫికెట్ చించేసి వేరే సంబంధం చూసుకోవచ్చా? అమ్మకి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

డల్లాస్ బాబాయ్:
ఆ వార్త నేనూ చదివాను. పెళ్లే కానప్పుడు విడాకులెందుకు? కోర్టుకెళ్తే ఏళ్లు గడిచిపోతాయి. ధైర్యంగా సంబంధాలు చూడండి.

విజయవాడ లాయరమ్మ:
బాబాయ్ గారూ, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. ఇరవై రెండేళ్లుగా ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాను. ఈ వార్త కటింగ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు.

తమ్ముడూ, ఆ తీర్పు 2024 ఏప్రిల్‌లో జస్టిస్ బి.వి. నాగరత్న గారి బెంచ్ ఇచ్చింది. ఆ కేసులో అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ పైలట్లు. ఒక సంస్థ ఇచ్చిన కాగితంతో ఉత్తరప్రదేశ్‌లో రిజిస్టర్ చేయించుకున్నారు, అసలు పెళ్లికి తర్వాత తేదీ పెట్టుకున్నారు, ఈలోగా చెడింది. మా మధ్య ఏ తంతూ జరగలేదని కోర్టు ముందు ఇద్దరూ కలిసి ఒప్పుకున్నారు. హెడ్డింగుల్లో పడనిది ఈ ముక్కే. సుప్రీంకోర్టు రాజ్యాంగం 142వ అధికరణం కింద, అంటే తనకున్న ప్రత్యేక అధికారంతో, ఆ పెళ్లి చెల్లదని ప్రకటించింది. అంటే వాళ్లకి కూడా ఒక ఆర్డర్ కావలసి వచ్చింది. సర్టిఫికెట్ దానంతటదే రద్దు కాలేదు.

ఏడడుగుల మాట కూడా వివరంగా చెప్పాలి. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం పెళ్లి జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టు. అందరి ఆచారంలోనూ అది ఉండాలని లేదు. అందుకే మీ దండల ఫోటో నాకు భయంగా ఉంది.

కిందటేడు ఒక తండ్రి ఇలాగే వచ్చారు. టేబుల్ మీద సర్టిఫికెట్, ఫోటో పెట్టారు. ఫోటోలో ఆ అమ్మాయి మామూలు చుడీదార్‌లో ఉంది, చెవులకు రోజూ పెట్టుకునే కమ్మలే, మెడలో దండ తప్ప ఏమీ లేదు. నాకది సంతకాల కోసం తీసిన ఫోటో అనిపించింది. అవతలివాళ్లేమో అదే ఫోటో చూపించి, మా ఆచారంలో దండలు మార్చుకుంటే పెళ్లయినట్టే అన్నారు. ఆ పిల్ల నా ఎదుట కూర్చుని దుపట్టా అంచు మెలితిప్పుతూనే ఉంది. ఆ కేసు ఇంకా నడుస్తోంది.

ముందు సర్టిఫికెట్ పైన ఏ చట్టమో చూడండి. 1954 ప్రత్యేక వివాహ చట్టం అయితే ఆఫీసర్ ముందు జరిగిందే పెళ్లి, విడాకులు తప్పవు. అదీ మామూలుగా ఏడాది నిండాకే.

గుంటూరు అన్నయ్య:
చూశాను మేడమ్. హిందూ వివాహ చట్టం 1955 అనే ఉంది. కానీ ‘వివాహం జరిగిన తేదీ’ అన్నచోట గుడికి వెళ్లిన రోజు రాశారు. చెల్లి సంతకం కూడా ఉంది.

విజయవాడ లాయరమ్మ:
ఆ గడి గురించే జడ్జిగారు అడుగుతారు. వీసా కోసం అలా రాయించామని నిజం చెప్పేయండి, ఇబ్బందిగా ఉన్నా సరే. అబ్బాయి వాళ్లతో కోపాలు పక్కన పెట్టి ఒక్కసారి మాట్లాడండి. ఏ తంతూ జరగలేదని అతనూ చెబితే పని చాలా తేలికవుతుంది. పెళ్లి చెల్లదని ప్రకటించమని ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేయాలి. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్‌లో ఆ అధికారం ఉంది. ఆర్డర్ చేతికొచ్చేదాకా నిశ్చితార్థం కూడా పెట్టుకోకండి. తొందరపడి రెండో పెళ్లి చేస్తే, రేపు అవతలివాళ్లు మొదటిది నిజమైన పెళ్లేనని రుజువు చేస్తే, భర్త ఉండగా మళ్లీ పెళ్లి చేసుకుందన్న కేసు మీ చెల్లి మీద పడుతుంది. శిక్ష ఏడేళ్ల దాకా ఉండొచ్చు.

సర్టిఫికెట్ చించకండి. ఫోటో ఫోన్‌లోంచి తీసేయకండి, తీసిన రోజు, టైమ్ అందులోనే ఉంటాయి. ఆ రోజు గుళ్లో ఉన్న పూజారి గారి పేరు రాసి పెట్టుకోండి. పాస్‌పోర్టులో భర్త పేరు ఎక్కించారా? వీసా ఫారం అప్పుడే నింపేశారా?

గుంటూరు అన్నయ్య:
పాస్‌పోర్టులో ఎక్కించాం మేడమ్. వీసా ఫారం ఇంకా లేదు.

విజయవాడ లాయరమ్మ:
అయితే ఆ ఫారం ముట్టుకోకండి. పాస్‌పోర్టులో పేరు తీయించాలన్నా కోర్టు ఆర్డరే అడుగుతారు. దగ్గర్లో మంచి సివిల్ లాయర్‌ని ఈ వారమే కలవండి. చెల్లిని వెంట తీసుకెళ్లండి, ఆ రోజు ఏం జరిగిందో తన నోటితోనే చెప్పనివ్వండి.