దారాసింగ్ చేసింది నటనా, దేహ ప్రదర్శనా?

పాత రీలు: దూరదర్శన్ రామాయణం మళ్ళీ చూశాను. అందులో హనుమంతుడిగా వేసిన దారాసింగ్ గొప్ప నటుడంటే ఒప్పుకోను. గద, తోక, కండలు. ముఖంలో కదలిక ఏది? మల్లయోధుణ్ణి తెచ్చి నిలబెట్టారు, అంతే.

గోదా గోవిందు: 1987 జనవరిలో ఆ ధారావాహిక మొదలయ్యేనాటికి ఆయనకు 58 ఏళ్లు. కుస్తీకి 1983లోనే సెలవు చెప్పారు. మీరు చెప్పే కండలు అప్పటికే సడలాయి. రాముడి ముందు చేతులు జోడించి నిలబడినప్పుడు చూడండి, అంతటి మనిషీ ఒదిగి చిన్నపిల్లవాడైపోతాడు. అది నటన కాదా?

పాత రీలు: సడలాయని మీకెవరు చెప్పారు? ఆ వయసులో అంత ఛాతీ ఎవరికుంది?

సుబ్బలక్ష్మి: మా అమ్మ టీవీకి హారతి ఇచ్చేది.

పాత రీలు: హారతి హనుమంతుడికమ్మా, నటుడికి కాదు. 1976లో ‘బజరంగ్‌బలీ’ సినిమాలోనూ అదే వేషం. ఒకే అచ్చు రెండుసార్లు పోశారు. ఇక ఛాతీ సంగతి తేల్చండి.

గోదా గోవిందు: ఛాతీ వదలండి మహాప్రభో! 2007లో ‘జబ్ వుయ్ మెట్’లో తాతగారిగా వేశారు. అక్కడ చూపించడానికి ఏ కండలున్నాయి? అసలు వృత్తి కుస్తీలోనే సగం నటన ఉంది. పడిన ప్రతి దెబ్బా చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా తెలియాలి కదా.

వీరభద్రం: అంటే కింగ్‌కాంగ్ అనే మల్లయోధుడితో ఆయన కుస్తీలు ఉత్తుత్తివా?

గోదా గోవిందు: నేను అలా అనలేదు.

వీరభద్రం: సగం నటన అన్నారు. పైనే ఉంది.

పాత రీలు: దొరికారు! కుస్తీలో నటించాడంటే ఊరుకోరు, తెర మీద నటించాడంటే మాత్రం చప్పట్లు.

గోదా గోవిందు: మీకు దారాసింగ్ మీద ఇంత కడుపుమంట ఎందుకండీ? ఆయన మీ ఆస్తి కాజేశారా?

పాత రీలు: వేషం కాజేశారు. ఆయన కాదు, ఆయనలాంటి ఒకడు. పద్నాలుగేళ్లు నాటకాల్లో ఆంజనేయుడి వేషం కట్టాను. ఒక ధారావాహికకు పిలిచారు. ఒక్క పద్యమూ వినలేదు, చొక్కా విప్పమన్నారు. టేపు పెట్టి కొలిచి పంపేశారు. వ్యాయామశాల నుంచి వచ్చిన కుర్రవాడికి వేషం ఇచ్చి, గొంతు మరొకరి చేత చెప్పించారు.

గోదా గోవిందు: మా నాన్నగారు అలాంటి కుర్రవాడే. పదకొండు సినిమాల్లో ప్రతినాయకుడి వెనకాల నిలబడ్డారు. ఒక్క మాట కూడా ఇవ్వలేదు. ఇంట్లో అద్దం ముందు మాత్రం ప్రతినాయకుడి సంభాషణలన్నీ చెప్పేవారు. మిమ్మల్ని చొక్కా విప్పమన్నారు, ఆయనను తొడుక్కోనివ్వలేదు. దారాసింగ్‌కు దక్కిన ఆ తాతగారి వేషం ఆయనకు ఎవరిస్తారు?

పాత రీలు: ... పద్యం పాడేవారా?

గోదా గోవిందు: పాడేవారు. శ్రుతి నిలిచేది కాదు.

పాత రీలు: అదే నేను చెప్పేది.

గోదా గోవిందు: నేర్పినవాళ్లు ఎవరండీ? మీలాంటివారు గోదావాళ్లను నాటక సమాజం గడప తొక్కనిచ్చారా?

వీరభద్రం: కింగ్‌కాంగ్ సంగతి ఎవరూ చెప్పలేదు.