వానాకాలానికి ఐదుగురికి ఐదు రోజుల నీళ్లు, తిండి: ఎంత దాచాలి, ఎలా దాచాలి?

ప్రశ్న (సరూర్‌నగర్ నుంచి)

మేము సరూర్‌నగర్ చెరువుకు దిగువనున్న కాలనీలో, మూడంతస్తుల భవనంలోని మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాము. మేమిద్దరము, ఇద్దరు పిల్లలు, ఇన్సులిన్ తీసుకునే మా అత్తగారు, మొత్తం ఐదుగురము. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వానకు మా వీధిలో నడుము లోతు నీళ్లు నిలిచి, మూడు రోజుల పాటు మెట్లు దిగలేకపోయాము. ఆ రోజు ఇంట్లో ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తా నిండుగానే ఉంది, గ్యాస్ కూడా ఉంది, కాని తాగడానికి నీళ్లు లేవు. కరెంటు పోవడంతో నీళ్లు శుద్ధి చేసే యంత్రం ఆగిపోయింది, సంపులోకి డ్రైనేజీ నీళ్లు చేరాయి. మిగిలిన ఒక్క బిందెను స్టీలు గ్లాసుతో కొలుచుకుని తాగాము. మా అత్తగారు మనవడి కోసమని తన వంతు గ్లాసులో సగం నీళ్లు తిరిగి బిందెలో పోయడం నేను కళ్లారా చూశాను. మళ్లీ ఆ పరిస్థితి రాకూడదని ఈసారి ముందుగానే అడుగుతున్నాను. ఎన్ని నీళ్లు, ఎందులో నిల్వ చేయాలి? ఫ్రిజ్, మిక్సీ లేకుండా ఐదు రోజులు గడవడానికి ఏమేమి దాచుకోవాలి? ఆన్‌లైన్‌లో అమ్మే, ఏళ్ల తరబడి పాడవని అత్యవసర ఆహారపు ప్యాకెట్లు నిజంగా అవసరమా?

జవాబు 1 (నీటి సరఫరా పనుల్లో ఇంజనీరుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను, మల్కాజిగిరి)

అమ్మా, మీ ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. మన నగరంలో వరద వచ్చినప్పుడు ముందుగా కరవయ్యేది తిండి కాదు, తాగునీరు. సంపు మూత నేలమట్టంలో ఉంటుంది కనుక వీధిలో నీళ్లు అడుగున్నర లేచేసరికి మురుగు అందులోకి దిగుతుంది, మోటారు తడుస్తుంది, ఇక పైన ట్యాంకులో మిగిలినదే మీ ఆస్తి. కాబట్టి భారీ వాన హెచ్చరిక వినగానే, కరెంటు ఉండగానే, పై ట్యాంకు నింపించి, వరద నీరు కలిసిన సంపు నుంచి ఎవరూ పొరపాటున మోటారు వేయకుండా వాచ్‌మన్‌కు చెప్పి ఉంచండి.

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్క వేసుకుంటే, ఐదుగురికి ఐదు రోజులకు వంద లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు ఐదు. మరుగుదొడ్డికి, చేతులు కడుక్కోవడానికి వేరే డ్రమ్ము ఉండాలి, దాని నీళ్లు తాగడానికి వాడకూడదు. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. శుద్ధి యంత్రం నుంచి పట్టిన నీటికంటే నేరుగా పట్టిన నల్లా నీళ్లే నిల్వకు మేలు, ఎందుకంటే నల్లా నీటిలో మిగిలి ఉండే క్లోరిన్ క్రిములను అదుపులో ఉంచుతుంది, ఆ క్లోరిన్‌ను యంత్రంలోని బొగ్గు తీసేస్తుంది. క్యాన్లను శుభ్రంగా కడిగి, నల్లా వచ్చిన రోజున నింపి, బిగుతుగా మూతపెట్టి, ఎండ తగలని చోట ఉంచండి. వారానికొకసారి ఆ నీళ్లు ఇంట్లో వాడేసి కొత్తవి నింపితే పాచి వాసన రాదు. డ్రమ్మును మాత్రం వారం తప్పకుండా ఖాళీ చేసి, లోపలి అంచులు రుద్ది కడగాలి, ఎందుకంటే డెంగీ దోమ గుడ్లు పెట్టేది అటువంటి నిలవ నీటి అంచుల మీదనే.

క్యాన్లు అయిపోయి పై ట్యాంకు నీళ్లే తాగవలసి వస్తే, మడతపెట్టిన నూలు గుడ్డతో వడకట్టి, తెర్లుతూ ఒక నిమిషం పాటు మరిగించి చల్లార్చండి. గ్యాస్ లేకపోతే మందుల షాపులో దొరికే క్లోరిన్ మాత్రలు వాడండి. మాత్ర ఎన్ని లీటర్లకు సరిపోతుందో దాని కవరు మీద ఉంటుంది, వేశాక అరగంట ఆగాలి. నీళ్లు మడ్డిగా ఉంటే మాత్ర సరిగా పనిచేయదు కనుక ముందు పటిక తిప్పి, మట్టి కిందికి దిగాక పైనున్న తేటను మాత్రమే తీసుకోండి. సెల్లార్‌లోని బండ్ల నూనె, డీజిల్ కలిసిన వరద నీటిని మాత్రం ఎంత మరిగించినా తాగవద్దు, మరిగిస్తే క్రిములు చస్తాయే కాని డీజిల్ పోదు.

జవాబు 2 (అంబర్‌పేట గృహిణి)

తిండి సంగతి నేను చెబుతానండీ. ఆ ప్యాకెట్లు కొనవద్దు. పిల్లలు అలవాటు లేని తిండిని ఆపదలో అసలే ముట్టరు, అవి అటక మీద పడి ఉండి గడువు దాటిపోతాయి. మీరు రోజూ వండేదే రెండు వారాలకు ఎక్కువగా ఉంచుకుని, పాతది ముందు వాడుతూ కొత్తది వెనక పెట్టుకోండి. ప్రతి డబ్బా మీద తెచ్చిన నెల రాసిన కాగితం అంటించండి.

మీ ఐదుగురికి రోజుకు రెండు కిలోల బియ్యం, అర కిలో కందిపప్పు ధారాళంగా సరిపోతాయి. ముడి బియ్యంలో తవుడుకు నూనె ఉంటుంది కనుక అది త్వరగా కంపు పడుతుంది, నిల్వకు పాలిష్ పట్టినదే మంచిది. కందిపప్పును బాగా ఎండబెట్టి, కిలోకు ఒక చెంచా ఆముదం పట్టించి, తడి లేని డబ్బాలో పోస్తే వానాకాలమంతా పురుగు పట్టదు. గోధుమపిండికి మాత్రం ఈ తేమలో ఎక్కువ రోజులు నమ్మకం లేదు, నెలకు సరిపడా తెచ్చుకోండి.

మిక్సీ లేకపోతే పచ్చడి ఎలా అని మీరు అడుగుతున్నారు, మన పెద్దలు ఎండాకాలంలోనే ఆ పని చేసిపెట్టేవారు. కందిపొడి, కరివేపాకు పొడి, వడియాలు, ఎండబెట్టిన వంకాయ ఒరుగులు, చింతపండు ఇంట్లో ఉంటే కూరగాయల బండి వారం రాకపోయినా భోజనం ఆగదు. పొయ్యి వెలిగించే వీలే లేకపోతే అటుకులు, పుట్నాలు, పల్లీలు, బెల్లం, ఖర్జూరం ఉన్నాయి. అటుకులు తడిపి బెల్లం కలిపితే నాలుగేళ్ల పిల్లకైనా కడుపు నిండుతుంది. ఫ్రిజ్ అవసరం లేని టెట్రా ప్యాకు పాలు చిన్న సైజువి తెచ్చుకోండి, తెరిచింది ఆ పూటకే అయిపోవాలి. అన్నం గంజి వార్చకుండా అత్తెసరు పెట్టండి, భోజనానికి విస్తరాకులు వాడండి. ఒక కట్ట విస్తరాకులు ఉంటే కంచాలు తోమే నీళ్లన్నీ మిగులుతాయి. వరద రోజుల్లో నాకు అన్నిటికంటే అక్కరకు వచ్చినవి ఆ ఆకులే.

జవాబు 3 (నర్సును, తార్నాక)

పై జవాబులతో ఏకీభవిస్తూనే ఒక్క సవరణ చేస్తాను. నీళ్లు తక్కువున్నప్పుడు ఊరగాయలు, జంతికలు, అప్పడాలు ఎక్కువగా తింటే దాహం పెరుగుతుంది, రక్తపోటు ఉన్నవారికి ఉప్పు హాని కూడా. పొడుల్లో ఉప్పు తగ్గించి చేసుకోండి, పెద్దలకు పప్పు, మజ్జిగ అన్నం పెట్టండి.

మీ అత్తగారికి తిండి తగ్గితే ఇన్సులిన్ మోతాదు ఎంత తగ్గించాలో డాక్టరుగారిని ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. నీళ్లలో చిక్కుకున్నాక ఫోను కలవకపోవచ్చు. చక్కెర శాతం పడిపోయి వణుకు, చెమటలు వస్తే వెంటనే ఇవ్వడానికి కొంత పంచదార ఆమె మంచం పక్కనే ఉంచండి. తెరిచిన ఇన్సులిన్ సీసా వేడి తగలని చోట దాదాపు నాలుగు వారాలు ఫ్రిజ్ లేకుండా ఉంటుంది. గది మరీ వేడెక్కితే సీసాను చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడి ఇసుక పోసిన మట్టికుండలో ఉంచండి. పది రోజుల మందులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ మాత్రలు ఒకే సంచిలో కట్టి, నేల మీద కాకుండా బీరువా పై అరలో పెట్టండి. చలి వేసినా, గ్యాస్ అయిపోయినా, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం వెలిగించకండి. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. ఈ ఆదివారం క్యాన్లు తెస్తాను. సంపు మూత గురించి ఇంటి యజమానిగారితో మాట్లాడాలనుకుంటున్నాను, ఏమని అడగమంటారు?

జవాబు 1 రాసినవారు

సంపు నోటి చుట్టూ 2020లో నీళ్లు వచ్చిన గుర్తు కంటే జానెడు ఎత్తుగా ఇటుక గోడ కట్టించి, లోపలా బయటా సిమెంటు పూత వేయించి, రబ్బరు అంచున్న మూత బిగించమనండి. గాలి గొట్టం ఉంటే దాన్ని కూడా అంత ఎత్తుకు పెంచాలి, లేకపోతే నీళ్లు ఆ గొట్టం గుండా దిగుతాయి. మేస్త్రీకి రెండు రోజుల పని. అందులో నీళ్లు భవనంలోని అన్ని ఇళ్లవారివీ కనుక, మీరొక్కరే కాకుండా పై వాటాలవారినీ వెంటబెట్టుకుని వెళ్లి అడగండమ్మా.