సమస్య: "చంద్రు లమవస నల్వురు సాగి రొకట"

నిర్వాహకుడు, తిరుపతి: ఉగాదికి ముందు వచ్చే అమావాస్యను పురస్కరించుకొని ఈ తేటగీతి పాదాన్ని ఇస్తున్నాము. ఒక్క చంద్రుడే కనిపించని రాత్రి నలుగురు ఎలా సాగారో సమర్థిస్తూ తక్కిన మూడు పాదాలను పూరించవలసిందిగా సభ్యులను కోరుతున్నాము.

చంద్రగిరి సభ్యుడు:

గురుని దాపునఁ గనుగొంటి గొట్టమందు
నాల్గు ముత్తెముల్ త్రాటిపై నడచినట్లు
మింట నెలరేఁడు లేఁడని మిడుక నేల?
చంద్రు లమవస నల్వురు సాగి రొకట!

ఆ నాలుగు ముత్తెములు గురుని, అంటే బృహస్పతి గ్రహపు, నాలుగు పెద్ద ఉపగ్రహాలు. గొట్టమని (టెలిస్కోపని) యతి కోసం అన్నాను గాని, నిజానికి చూసింది 10×50 బైనాక్యులరుతోనే. ఈ వసంతంలో బృహస్పతి మిథునరాశిలో ఉన్నందున చీకటి పడేసరికి మనకు దాదాపు నడినెత్తికి వస్తున్నాడు. చేతులు వణికితే చుక్కలు గీతలైపోతాయి కనుక మిద్దె మీద వెల్లకిలా పడుకొని, మోచేతులు పక్కటెముకలకు ఆనించి చూశాను.

పలమనేరు సభ్యురాలు:

వీధి నాటకమందున వేష మూని
పాలు గాఱెడి మోముల బాలు రరిగి
అట్ట నెలవంకఁ దలఁబెట్టి యాడుచుండ
చంద్రు లమవస నల్వురు సాగి రొకట!

చిత్తూరు సభ్యుడు (విమర్శ): పలమనేరు సోదరి గారి పూరణ మన భారత నాటకాల రాత్రులను గుర్తుకు తెచ్చింది. అయితే "తలఁబెట్టి" అనగానే పూనుకొనుట అన్న అర్థమే ముందు తోస్తుంది. "దలఁదాల్చి" అంటే సలగణమూ నిలుస్తుంది, అనుమానమూ తీరుతుంది.

చంద్రగిరి మిత్రుల పద్యం మీద చెప్పవలసింది ఎక్కువ ఉంది. "త్రాటిపై" అన్నది అలంకారం మాత్రమే కాదు. ఆ ఉపగ్రహాల కక్ష్యలు గురుని మధ్యరేఖా తలానికి దగ్గరగా ఉండి, మనకు అంచువైపు నుంచి కనిపించడం వల్ల నిజంగానే ఒకే వరుసలో ఉన్నట్టు తోస్తాయి. పున్నమినాడైనా ఈ నలుగురూ కనిపిస్తారు కాబట్టి అమావాస్య ఇక్కడ కారణం కాదు, వైచిత్రి మాత్రమే. దానిని "మిడుక నేల" అన్న ఓదార్పుగా మలచడం కవి నేర్పు. ఆ నలుగురిలో ఒకటైన, బుధగ్రహం కన్నా పెద్దదైన గనిమీడును ముత్యమనడమూ కంటికి తోచినదే గనుక ఒప్పుకుందాం. మన పొరుగునే ఉన్న కావలూరు వేధశాలలో 1972లో, ఆ ముత్యం ఒక నక్షత్రాన్ని కప్పిన వేళ, దానికి పలుచని వాయుమండలం ఉన్న జాడలు కనిపించాయి.

నా అభ్యంతరమల్లా "ఒకట" (కలిసి) అన్నదాని మీదనే. ఆ నలుగురిలో అయో 1.77 రోజులలో గురుని చుట్టి వస్తే కాలిస్టోకు 16.69 రోజులు పడుతుంది. ఒకటి గురుని చాటుకో ముందుకో పోతే ముగ్గురే మిగులుతారు; గెలీలియోకు సైతం 1610 జనవరి 7న మూడే చుక్కలు కనిపించాయి, నాలుగవది 13న గాని దొరకలేదు. ఇంత భేదమున్న నడకలను "ఒకట సాగిరి" అనడానికి పద్యంలో సమర్థన కనబడదు.

చంద్రగిరి సభ్యుడు: ఒకే చూపులో అన్న అర్థంలో వాడాను గాని, అది పద్యంలో లేదన్నది నిజమే. రెండవ పాదాన్ని ఇలా మారుస్తున్నాను:

నడక వేఱైన ముత్తెముల్ నాల్గు వరుస

నిర్వాహకుడు: యతి చెల్లింది, అభ్యంతరమూ తీరింది. సవరించిన పాఠాన్నే స్వీకరిస్తున్నాము.