‘రంధ్ర’ అంటే తొమ్మిదా, సున్నా? చదరంగ పద్యంలో ఒక మాట

ప్రశ్న: పావులూరి మల్లన గణిత గ్రంథంలోదిగా ప్రసిద్ధి చెందిన ‘శరశశిషట్కచంద్రశరసాయకరంధ్రవియన్నగాగ్ని’ పద్యంలో ‘రంధ్ర’ శబ్దానికి తొమ్మిది అని అర్థం చెబుతున్నారు. రంధ్రమంటే ఖాళీయే కనుక, ‘వియత్’ (ఆకాశం) లాగా అది కూడా సున్నను సూచించకూడదా?

సమాధానం: దేహానికి నవరంధ్రాలు కనుక ‘రంధ్ర’ తొమ్మిది అనడం సంప్రదాయం. అయితే మీ సందేహాన్ని సంప్రదాయంతోనే కొట్టివేయనక్కరలేదు. చంపకమాలలో గణయతిప్రాసలు మాట సరిగా పడిందో లేదో చెబుతాయి గాని, దాని విలువ చెప్పవు. ఇక్కడ విలువను తేల్చగలిగింది ఆ సంఖ్యే.

అంకెలను కుడి నుండి ఎడమకు పేర్చుకోవాలి. శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. ఇరవై మాటలకు ఇరవై అంకెలు: 18446744073709551615. చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ ఉంచి, గడిగడికీ రెట్టిస్తూ పోతే అరవైనాలుగు గళ్ళలోని గింజల మొత్తం ఇదే. అంటే 2ను 64 సార్లు గుణించి ఒకటి తీసివేసిన సంఖ్య. (ఒకటి వచ్చిన మూడు చోట్లా చంద్రుడినే తెచ్చి, మూడుసార్లూ పేరు మార్చిన కవి నేర్పు గమనించదగినది.)

ఇప్పుడు ‘రంధ్ర’ను సున్న అనుకొని చూద్దాం. అది పది లక్షల స్థానంలో ఉంది కనుక సంఖ్య 90 లక్షలు తగ్గుతుంది. అసలు సంఖ్యను 3, 5 నిశ్శేషంగా భాగిస్తాయి; మారిన సంఖ్యనూ భాగిస్తాయా అంటే, అంకెల మొత్తం 87 నుండి 78కి దిగుతుంది, రెండూ 3తో భాగింపబడేవే. ఒకట్ల స్థానంలో ‘శర’ కదలలేదు కనుక 5తోనూ చిక్కు లేదు. ఈ రెండు పరీక్షలనూ తప్పు పాఠం దాటిపోతుంది. అయితే 2ను ఎనిమిదిసార్లు గుణిస్తే వచ్చే 256ను 17తో భాగించినప్పుడు శేషం 1 కనుక, 256ను ఎనిమిదిసార్లు గుణించినా శేషం 1గానే నిలుస్తుంది. అందులో ఒకటి తీసివేసిన మన సంఖ్య 17తో నిశ్శేషంగా భాగింపబడి తీరాలి. 90 లక్షలకు 2, 3, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకాలు లేవు కనుక, అంత తగ్గిన సంఖ్యను 17 భాగించదు. కాబట్టి ఇక్కడ ‘రంధ్ర’ సున్న కాజాలదు.

ఈ సంఖ్య ప్రధాన కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417.

మరో ప్రశ్న: సముద్రాలు ఏడని కూడా అంటాము కదా, ‘అబ్ధి’ ఏడు కాకూడదా?

సమాధానం: ‘అబ్ధి’తో పాటు ‘పయోనిధి’ని కూడా ఏడు చేసి చూడండి. 3, 5 మళ్ళీ ఒప్పుకుంటాయి, 17 ఒప్పుకోదు.