పేపర్లో ఫుల్ పేజీ ప్లాట్ల యాడ్: నాన్నకి ఎలా విప్పి చూపించాలి?

నల్గొండ అబ్బాయి:
ఆదివారం పేపర్ తీస్తే మొదటి పేజీ అంతా ప్లాట్ల యాడే. హైదరాబాద్ బయట కడ్తాల్ వైపు వెంచర్. సినిమా నటుడి ఫొటో, 'ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) నుంచి 20 నిమిషాలు', 'గజం 9,999 నుంచి', 'దసరా వరకే ఈ ధర'. నాన్న అప్పుడే ఫోన్ చేసి సైట్ విజిట్‌కి పేరు రాయించారు. కారు, భోజనం వాళ్లవేనట. వద్దనడం నా ఉద్దేశం కాదు. ఇందులో ఏది సమాచారం, ఏది ఊరింపు అని పక్కన కూర్చుని చూపించాలి. ఎక్కడ మొదలుపెట్టను?

పాత కాపీరైటర్:
తమ్ముడూ, ఇలాంటి యాడ్లకి మ్యాటర్ రాస్తూ చాలా ఏళ్లు గడిపాను. హీరోని వదిలేయ్, ఆయన డబ్బు తీసుకుని నవ్వాడు, అంతే. ముందు మ్యాపు చూడు. దానికి స్కేలు ఉండదు. ఎయిర్‌పోర్టు వెంచర్ పక్కకి జరిగి వస్తుంది, మధ్యలో ఊళ్లు మాయమవుతాయి. కిలోమీటర్లు రాయకుండా నిమిషాలు రాసేదీ ఇందుకే. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతే 20 నిమిషాల్లో 33 కిలోమీటర్లు దాటొచ్చు. అదీ ఓఆర్ఆర్ ఎగ్జిట్ దగ్గర్నుంచి, మీ ఇంటి దగ్గర్నుంచి కాదు.

తర్వాత నాన్నగారి చేతికి ఎర్ర పెన్ను ఇవ్వు. ఇవాళ లేనివాటన్నిటి కిందా గీత గీయమను. త్రిబుల్ ఆర్ (రీజినల్ రింగ్ రోడ్డు), మెట్రో, ఐటీ పార్క్... వీటిలో ఒక్కటీ వెంచర్ వాళ్లు కట్టేది కాదు. పదేళ్లు ఆలస్యమైనా వాళ్లని అడగలేం. కానీ గజం రేటులో మాత్రం వాటిని ఇప్పుడే కలిపేశారు.

'9,999 నుంచి' అన్న ప్లాటు ఏదో సైట్లో వేలు పెట్టి చూపించమనండి. చాలాసార్లు 'నిన్ననే అయిపోయింది సార్' అంటారు. ఇక దసరా గడువు సంగతి. దసరా మ్యాటర్ ప్రింటుకి పంపిన రోజే నేను దీపావళిది కూడా టైప్ చేయించేవాణ్ణి. మీరు ఈసీ (ఆ స్థలం మీద పాత అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించి లాయరుకి చూపించే టైమ్ లేకుండా చేయడమే ఆ గడువు పని.

అన్నిటికన్నా బాగా పనిచేసేది భోజనం. వాళ్ల కారెక్కి, వాళ్ల అన్నం తిన్నాక అడ్వాన్స్ ఇవ్వను అనడానికి మనవాళ్లకి మొహమాటం. మీ బండి మీదే వెళ్లండి.

సైదులు:
మరీ అనుమానమైతే ఏదీ కొనలేం అన్నా. నేను యాడ్ చూసే కొన్నా, రేటు పెరిగింది.

పాత కాపీరైటర్:
సంతోషం. ప్లాటు మంచిదే అయ్యుండొచ్చు సైదులూ. అది మంచిదో కాదో యాడ్ చెప్పదు అంటున్నా, అంతే.

లత, కేపీహెచ్‌బీ:
రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందా? 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌ని రిజిస్టర్ చేయకుండా యాడ్ ఇవ్వనే కూడదు. యాడ్ మీద ఆ నంబరు తప్పనిసరి. 'ప్రీ లాంచ్ ఆఫర్' అని ఉంటే చాలావరకు అది లేనట్టే. యాడ్లో అబద్ధం నమ్మి నష్టపోతే 12వ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు, కాబట్టి ఆ పేపర్ పారేయకండి.

నల్గొండ అబ్బాయి:
నంబరుంది లత గారూ. తెలంగాణ రెరా సైట్లో కొట్టి చూస్తే ఫేజ్-1 అని వచ్చింది. యాడ్లో అమ్ముతున్నది ఫేజ్-2.

లత, కేపీహెచ్‌బీ:
ప్రతి ఫేజ్‌నీ విడిగా రిజిస్టర్ చేయాలి. ఫేజ్-2 నంబరు అడగండి, అది చేతికొచ్చేదాకా రూపాయి కట్టొద్దు.