పాలీహౌస్ కీరదోస అమ్మే ఏజెన్సీకి ఏ అనుమతి ఉండాలి?

ప్రశ్న (రావులపాలెం రైతు): మా కీరదోసనంతా అమ్మిపెడతామని ఒక ఏజెన్సీ వచ్చింది. కిందటి కోతలో ఇలాగే మరొకరికి సరుకిస్తే, తెల్లకాగితంపై బరువు మాత్రమే రాసిచ్చి, ధర తేల్చకుండా ముఖం చాటేశారు. ఈసారి ముందుగా ఏం చూడాలి?

జవాబు 1: 1966 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ మార్కెట్ల చట్టం ప్రకారం, నోటిఫై చేసిన (అంటే ప్రభుత్వం అధికారికంగా ప్రకటించిన) ప్రాంతంలో నోటిఫై చేసిన పంటతో వ్యాపారం చేసేవారికి, కమీషన్ ఏజెంట్లతో సహా, మార్కెట్ కమిటీ లైసెన్సు ఉండాలి. కీరదోస ఆ జాబితాలో ఉందో లేదో కమిటీ కార్యాలయంలోనే అడగండి.

జవాబు 2: పోలిక కోసం చెబుతున్నా: కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఇలా పంట అమ్మిపెట్టే కొత్త ఏజెన్సీని కూరగాయల మార్కెటింగ్ కమిషన్ గుర్తించినా, దానిపైనున్న సమీక్షా బోర్డు కూడా ఆమోదించాలి. రైతుకు అది పెద్ద అండ అని నా అభిప్రాయం. ఇక్కడ మాత్రం గ్రేడు, తరుగు, చెల్లింపు గడువు ఒప్పందంలో రాయించుకుని, సంతకమయ్యాకే క్రేట్లు ఎక్కించండి.

రైతు: రేపే కమిటీ కార్యాలయానికి వెళ్తానండి.