బెంగళూరు పబ్బుల్లో తెలుగు నైట్‌లు సొంత పాటల బ్యాండ్‌ల పొట్ట కొడుతున్నాయా?

కోరమంగల శ్రోత

వారాంతం వచ్చిందంటే కోరమంగలలోనో, మారతహళ్లిలోనో, వైట్‌ఫీల్డ్‌లోనో ఏదో ఒక పబ్బు ముందు తెలుగు నైట్ పోస్టరు ఉండి తీరుతుంది. కీబోర్డు, డ్రమ్స్, రెండు గిటార్లు, ఇద్దరు గాయకులు. ఇళయరాజా పాటలతో మెల్లగా మొదలుపెట్టి, తొమ్మిది దాటాక చిరంజీవి పాటలందుకుని, చివరికి జనం కుర్చీలు వెనక్కి నెట్టి ఎగిరే పాటలతో ముగిస్తారు. నేనూ వెళ్తాను, గొంతు పోయేదాకా పాడతాను. అయినా ఒక మాట అడగక తప్పడం లేదు.

ఈ ఊళ్లో సొంతంగా పాటలు రాసి, వరసలు కట్టుకునే తెలుగు కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లకు దొరికేది మంగళవారం. అదీ స్థిరమైన పారితోషికం లేకుండా, గేటు వసూళ్లలో వాటా మీద. వాళ్లను అడిగే మొదటి ప్రశ్న "ఎంతమంది స్నేహితుల్ని తీసుకొస్తారు?" అని. పాట ఎలా ఉంటుందో ఎవరికీ పట్టదు.

ఇదే ఊళ్లో రఘు దీక్షిత్ కన్నడ కవి శిశునాళ షరీఫు తత్వాలను గిటారుతో పాడితే జనం విన్నారు. స్వరాత్మ బ్యాండ్‌ను విన్నారు. థర్మల్ అండ్ ఎ క్వార్టర్ బ్యాండ్ 1996 నుంచి ఇంగ్లీషులో తన పాటలే పాడుకుంటోంది. తెలుగుకు మాత్రం సినిమా పాటే గతా? తెలుగు నైట్‌లు మన చెవులకు బద్ధకం అలవాటు చేశాయని, సొంత పాటలకు దక్కాల్సిన శనివారాన్ని అవే మింగేశాయని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కాదనండి.

ఎడమచేతి కీబోర్డు

ఆ శనివారాన్ని మింగేవాళ్లలో నేనొకణ్ణి. వారంలో అయిదు రోజులు ఆఫీసు, ఆరో రోజు తెలుగు నైట్. కాబట్టి కాస్త కోపంగానే రాస్తున్నాను, ఏమనుకోకండి.

మేం చేసేది సులువైన పని అని మీ మాటల్లో ధ్వనిస్తోంది. ఒకసారి సాయంత్రం ఆరింటికి, బల్లలు తుడుస్తున్న సమయంలో వచ్చి చూడండి. ఇళయరాజా పాటలో బేస్ గిటారు గాయకుడి వెంట నడవదు, తన దారిన తాను ఇంకో పాట పాడుకుంటూ పోతుంది. బేస్ వాయించేవాడు అక్కడ ఒక్క స్వరం తప్పితే పాట మొత్తం కుంటుతుంది. పల్లవికీ చరణానికీ మధ్య రికార్డులో వయొలిన్ల గుంపు ఒకటి లేస్తుంది, దానిమీద వేణువు వాలుతుంది. మా దగ్గర వయొలిన్లూ లేవు, వేణువూ లేదు. వయొలిన్లు నా ఎడమ చేతికి, వేణువు కుడి చేతికి. సరిగ్గా అప్పుడే గాయనికి ఆ శ్రుతి అందడం లేదంటుంది. అర స్వరం దించాలి. నేను మీట నొక్కి దించేస్తాను, గిటారు కుర్రాడు మాత్రం వేళ్లన్నీ కొత్త చోట్లకు మార్చుకోవాలి. జనం వచ్చేలోపు ఇదంతా అయిపోవాలి.

ఇంకో సంగతి. బాలుగారి పాటకచేరీ బృందంలో గిటారు, హార్మోనియం వాయించింది ఎవరు? ఇళయరాజా. ఆయన తమ్ముడు గంగై అమరన్ కూడా ఆ బృందంలోవాడే. 1976లో ఇళయరాజా తొలి సినిమా వచ్చింది. అంతకుముందు ఆ వేదికల మీద వాయించినవి చాలావరకు ఇతరుల పాటలే. ఆయన చెవులకు బద్ధకం పట్టిందంటారా?

మంగళవారం గాయకుడు

ఆ మంగళవారం మాదే కాబట్టి నేనూ చెప్పాలి.

ఎడమచేతి కీబోర్డు గారూ, మీ చెయ్యి మీద నాకు గౌరవమే. కానీ ఇళయరాజా కథను సగంలో ఆపేశారు. ఆయన పాటకచేరీలు వాయిస్తూనే ఉండిపోలేదు. సంగీత దర్శకుడు జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా చేరారు, అక్కడ కన్నడ సినిమాలకు పనిచేశారు. అంటే ఇతరుల పాటలు వాయించే చేతికి, కొత్త పాట ఎలా పుడుతుందో దగ్గరుండి చూసే చోటు దొరికింది. ఇప్పుడు మీ బృందంలో డ్రమ్స్ వాయించే కుర్రాడికి ఆ రెండో మెట్టు ఎక్కడుంది? ఈ శనివారం వాయించినవే వచ్చే శనివారం, ఆపై శనివారం కూడా. నా గొడవ మీతో కాదు, ఆ మెట్టు లేకపోవడంతో.

మా మంగళవారం ఎలా ఉంటుందంటే, మా వెనక గోడ మీద పెద్ద తెర. శబ్దం ఆపేసి క్రికెట్ నడిపిస్తారు. మొన్న రెండో చరణం మధ్యలో ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. మా డ్రమ్మరు ముఖం వెలిగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే వికెట్ పడింది.

మారతహళ్లి పద్మిని

"చెవులకు బద్ధకం" అన్నవారికి నమస్కారం. నేను ఒంగోలు వదిలి వచ్చి చాలాకాలమైంది. వారమంతా ఆఫీసులో హిందీ, ఇంగ్లీషు, ఆటోలో వచ్చీరాని కన్నడం. శనివారం రాత్రి వందమంది తెలుగువాళ్ల మధ్య నిలబడి, చిన్నప్పుడు రేడియోలో విన్న పాటను గట్టిగా పాడితే అది బద్ధకమా? నేను అక్కడికి సంగీతాన్ని ఉద్ధరించడానికి వెళ్లడం లేదు.

సొంత పాటల కచేరీకి కూడా వెళ్లాను, వెళ్లలేదనుకోకండి. గిటారు హోరులో సాహిత్యం ఒక్క ముక్క వినబడలేదు. పాటకన్నా పాట వెనక కథ ఎక్కువసేపు చెప్పారు. కొత్త పాట కాబట్టి చప్పట్లు కొట్టాలంటే కుదరదు, మాటలు వినబడాలి. తెలుగువాడు ముందు మాట వింటాడు, తర్వాతే వరస.

మంగళవారం గాయకుడు

పద్మినిగారూ, మాట వినబడలేదన్నది న్యాయమైన ఫిర్యాదే. అక్కడ గాయకుడి మైకు ఎంత పెంచాలో మా చేతిలో ఉండదు. కథలు తగ్గించుకోవడం మాత్రం మా చేతిలో పనే, ఒప్పుకుంటాను.

పబ్బు బుకింగ్

ఏ పబ్బో చెప్పను. బ్యాండ్‌లను పిలిచే పని నాది, అందరి తిట్లూ నాకే వస్తాయి.

పబ్బులో పాట పాడించడం మీరనుకున్నంత తేలిక కాదు. వినోద స్థలాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఈ నగరంలో 2005లో ఒక ఉత్తర్వు వచ్చింది. లైవ్ బ్యాండ్ రెస్టారెంట్ల సంఘం కోర్టుకు వెళ్లింది. చివరికి 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే సమర్థించింది. ఆ ఏడాది చాలా చోట్ల వాయిద్యాలు మూగబోయాయి. ఇందిరానగర్‌లో సొంత పాటల బ్యాండ్‌లకు పెద్ద దిక్కుగా ఉన్న హమ్మింగ్ ట్రీ అనే వేదిక 2019లో మూతపడింది. అలాంటి చోట్లు తగ్గిపోయాకే అందరూ మా వంటి పబ్బుల మీద పడ్డారు. మాది కచేరీ హాలు కాదు, తిండీ తాగుడూ అమ్మే చోటు. బ్యాండ్ పారితోషికం, సౌండ్ సిస్టమ్ అద్దె, లైసెన్సు రుసుములు, ఇవన్నీ బల్లల మీది బిల్లుల్లోంచే రావాలి. శనివారం సగం బల్లలు ఖాళీగా ఉంటే సోమవారం నా ఉద్యోగం ఖాళీ.

కోరమంగల శ్రోత

లైసెన్సు సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. సినిమా పాట పబ్బులో పాడితే స్వరకర్తకూ రచయితకూ రుసుము దక్కాలి కదా? 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, ఆ రాయల్టీలో వాళ్ల వాటా నిర్మాతకు రాసివ్వడానికి వీల్లేకుండా చేశారు. 2017లో ఇళయరాజా నోటీసు పంపితే, అమెరికా పర్యటనలో ఉన్న బాలుగారంతటివారే ఆయన పాటలు పాడటం ఆపేయాల్సి వచ్చింది. పైన చెప్పుకున్న ఆ పాత బృందంలోని ఇద్దరే! మీ తెలుగు నైట్‌లో రాత్రంతా పాడే పాటల సంగతేమిటి?

పబ్బు బుకింగ్

స్వరకర్తలు, రచయితల తరఫున రుసుము వసూలు చేసే సంస్థ ఐపీఆర్ఎస్‌కు మేం కడతాం. కట్టని చోట్లు కూడా ఉన్నాయని నాకు తెలుసు. పెళ్లి ఊరేగింపులో ఇవే పాటలు వాయిస్తే చట్టం మినహాయింపు ఇచ్చింది, పబ్బుకు ఇవ్వలేదు.

మంగళవారం గాయకుడు

మా పాటలు మావే. మా రాత్రికి ఆ రుసుము బెడద మీకు లేదు. ఆ మిగిలిన డబ్బు మాకివ్వవచ్చుగా?

పబ్బు బుకింగ్

బాబూ, నలుగురు కూర్చునే ఒక్క బల్ల ఖాళీగా ఉండిపోతే ఆ మిగులు అందులోనే కొట్టుకుపోతుంది.

ఇందిరానగర్ రెండో అంతస్తు

సొంత పాటైనా సినిమా పాటైనా మా పడకగదిలోకి వచ్చేది బేస్ ఒక్కటే. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి పది తర్వాత డాబా మీద స్పీకర్లు కుదరవు. ఇది కూడా చర్చలో ఉండాలి.

నిర్వాహకుడు

శబ్దం గురించి వేరే చర్చ నడుస్తోంది, దయచేసి అక్కడ రాయండి. ఇక్కడ మళ్లీ అదే గొడవ మొదలైతే అసలు విషయం గాలికి పోతుంది.

చామరాజపేట విశ్రాంత ఉద్యోగి

మా తాతల నుంచీ బెంగళూరు తెలుగువాళ్లం. పబ్బుల గురించి నాకు తెలియదు, మా అబ్బాయి చూపిస్తే ఇదంతా చదివాను.

మా పేటలో శ్రీరామసేవా మండలి 1939 నుంచి రామనవమి కచేరీలు జరుపుతోంది. ఫోర్టు హైస్కూలు మైదానంలో పందిరి, బయట బస్సుల హారన్లు, లోపల తోడి రాగం. అక్కడ విన్న మహా విద్వాంసులలో ఎక్కువమంది పాడింది త్యాగయ్యను, దీక్షితులను, శ్యామశాస్త్రిని. సొంత కృతి పాడలేదని ఎవరూ తక్కువ చేయలేదు. ఎందుకంటే పాట ఇంకొకరిదైనా, ఆలాపన ఆయనది, ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడే నెరవు ఆయనది, అప్పటికప్పుడు అల్లే కల్పన స్వరం ఆయనది. నిన్న పాడిన కాంభోజి రాగం ఇవాళ పాడితే ఇంకొకటి.

కాబట్టి పాట ఎవరిదన్నది నాకు ముఖ్యం కాదు. మీ తెలుగు నైట్‌లో కుర్రాళ్లు రికార్డును అచ్చంగా దింపుతున్నారా, లేక దానికి తమదంటూ ఏదైనా కలుపుతున్నారా? అచ్చంగా దింపడానికైతే రికార్డే ఉందిగా! మీ కోరమంగల శ్రోత చెప్పకుండా వదిలేసిన బ్యాండ్ ఒకటుంది, ఈ ఊరిదే, పేరు అగం. త్యాగయ్య కృతులను రాక్ వాద్యాలతో పాడుతుంది. మా అబ్బాయి వినిపించాడు. డ్రమ్స్ నాకు ఎక్కువనిపించాయి, కానీ స్వరాలు పాడినప్పుడు వాళ్లేదో ఆలోచించి చేశారని తెలుస్తోంది.

ఎడమచేతి కీబోర్డు

పెద్దవారు మంచి ప్రశ్న వేశారు. కలపాలని మాకూ ఉంటుందండీ. ఒకసారి నడుమ వచ్చే వాద్య భాగంలో వేణువు వరస వదిలేసి, ఆ రాగంలోనే నాకు తోచింది వాయించాను. పాట అయ్యాక ఒకాయన టిష్యూ కాగితం మీద రాసి పంపాడు: "మధ్యలో మ్యూజిక్ తప్పింది. మళ్లీ మొదటి నుంచి వాయించండి." పందిట్లో మీరు కొత్త సంగతి కోసం చెవి రిక్కిస్తారు. ఇక్కడి శ్రోత పాత సంగతి తప్పుతుందేమోనని చెవి రిక్కిస్తాడు.

అయినా ఒక ప్రతిపాదన. మా శనివారం రెండో విడతలో మంగళవారం గాయకుడు వచ్చి తన పాటలు రెండు పాడవచ్చు. వాద్యాలు మేం వాయిస్తాం. పబ్బు బుకింగ్ గారు ఒప్పుకోవాలి.

పబ్బు బుకింగ్

రెండు కాదు, ఒకటి. మొదటి విడతలో, ఎనిమిదింబావుకు. పాటకు ముందు ఉపన్యాసం ఉండకూడదు.

మారతహళ్లి పద్మిని

మైకు పెంచితే నేను వస్తాను. ముందు వరస బల్ల నాది.

కోరమంగల శ్రోత

ఎనిమిదింబావుకు బిర్యానీలు వడ్డిస్తుంటారు. ఆ పాటను ప్లేట్ల చప్పుడులో ముంచి, మర్నాడు "చూశారా, ఎవరూ వినలేదు" అనడానికేగా? ఇలాంటి దానం పుచ్చుకోవద్దని గాయకుడికి నా సలహా.

మంగళవారం గాయకుడు

దానమైతే పుచ్చుకోను. పాట ఒకటే అయినా ఫరవాలేదు, వేళ మాత్రం తొమ్మిది తర్వాత. ఆ రాత్రి మీ గాయకులకు ఏ లెక్కన ఇస్తారో నాకూ అదే లెక్కన ఇవ్వాలి, గేటు వాటా కాదు. వెనక తెర ఆపాలి. కీబోర్డు గారూ, పాట హంసధ్వని రాగంలో ఉంది, నా శ్రుతి రెండు. నడుమ భాగం ఖాళీగా వదిలాను. అక్కడ మీకు తోచింది వాయించండి, ఎవరూ టిష్యూ కాగితం పంపరు, అసలు రికార్డే లేదుగా.

పబ్బు బుకింగ్

తెర ఆపడం నా చేతిలో లేదు, ఆ రోజు మ్యాచ్ ఉంటే కుదరదు. పారితోషికం గురించి యజమానిని అడిగి శుక్రవారంలోగా చెబుతాను.